సీతమ్మగారు వంటావిడే

చి. బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

"మన బడి భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు కదా, ఆవిడ వంటావిడా టీచర్?" అని బుజ్జి అడిగితే క్లాసంతా నవ్విందట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అందులో నవ్వడానికేముంది? వంటావిడే. ప్రభుత్వం ఆ పేరు పెట్టింది 2024లో. మా గోదావరి జిల్లాల వాళ్లకి ఆవిడ అంతకు ఎన్నో ఏళ్ల ముందే అపర అన్నపూర్ణ.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతాడని వాళ్ల నాన్నని ఊళ్లో బువ్వన్న అనేవారట. డొక్కా జోగన్నగారిని పెళ్లాడి లంకల గన్నవరం వచ్చారు. చుట్టూ గోదావరి పాయలు. ఇప్పుడున్నన్ని వంతెనలు లేవు, హోటళ్లు అసలే లేవు. గాలివానకి పడవ ఆగిపోతే ఒడ్డున పడిగాపులే. అలా చిక్కుకున్నవాళ్లు వేళకాని వేళ తలుపు తట్టినా, మీదే కులం అని అడక్కుండా వండి పెట్టేవారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నాటికి ఆవిడ చిన్నపిల్ల. ఆ తర్వాత కాలవల కింద మా సీమలో వరి విరగపండింది. పెట్టే గుణం నాన్న ఇచ్చినా, గింజలు మాత్రం గోదారమ్మే ఇచ్చింది.

రోజూ అలా పెడితే అయిపోదా అంటావు చిన్నా. వేసవిలో ఇసుకలో చెలమ తీశాం, గుర్తుందా? కొబ్బరిచిప్పతో తోడేకొద్దీ ఊరుతుంది. తోడకుండా వదిలేస్తే పాచి పడుతుంది. ఎక్కువమంది తోడితే నీళ్లు ఇంకా తేటబడతాయి. సీతమ్మగారి ఇల్లు అలాంటిదే. కాకపోతే చెలమ అర్ధరాత్రి లేచి పొయ్యి వెలిగించదు. అసలు కష్టం అక్కడుంది.

అది నేను మా అమ్మ దగ్గర చూశాను. నా చిన్నప్పుడు ఓ వరదరోజు రాత్రి ఎవరో తడిసి ముద్దయి మా అరుగెక్కారు, చంకలో పసిపిల్లతో. అందరం తిని పడుకున్నాం. కొబ్బరిమట్టలు నాని ఉన్నాయి, అంటుకోవు. అమ్మ ఊదుగొట్టంతో ఊదుతూనే ఉంది. పొగకి కళ్లు ఎర్రబడ్డాయి. ఎసరు కాగేదాకా కూర్చునే కునికింది. గంజి వార్చి, అందులో ఉప్పేసి ముందు ఆ పసిపిల్లకి పట్టించింది. లాంతరు పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం నిద్ర పాడైందని ఒకటే విసుగు. తెల్లారాక వాళ్లెవరని అడిగితే, "అడగలేదురా" అంది.

సీతమ్మగారి గురించి అందరూ ముందు రాజుగారి కథ చెబుతారు. అప్పట్లో మనల్ని ఏలిన బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి 1903లో ఢిల్లీలో వేడుకలు చేస్తూ పిలిస్తే, ఆవిడ వెళ్లలేదని. నాకు అంతర్వేది కథంటేనే ఇష్టం. నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని వాళ్ల పెద్దవాళ్లు "కాసేపట్లో సీతమ్మగారింటికి వెళ్లిపోతాం, అన్నం పెడతారు" అని ఊరుకోబెడుతున్నారట. అది ఆవిడ చెవిన పడింది. పల్లకీ వెనక్కి తిప్పమన్నారు. వాళ్లకంటే ముందు ఇంటికి చేరి వంట మొదలుపెట్టారని చెబుతారు. దేవుడేమీ అనుకోలేదనే నా నమ్మకం. ఆవిడ 1909లో పోయారు.

సంక్రాంతికి వస్తే గన్నవరం తీసుకెళ్తాను. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీదుగా కాలవ. నది మీద నది పారినట్టుంటుంది. ఆ కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే. ఎలా కట్టారో నేను చెప్పను, వచ్చి చూడండి.

ఈలోగా ఒక పని. రేపు బడికి కాస్త ముందే వెళ్లి వంటగదిలోకి తొంగి చూడండి. వంట చేసే అక్కని ఎన్నింటికి పొయ్యి వెలిగిస్తుందో, తను ఎన్నింటికి తింటుందో అడిగి నాకు రాయండి. ఆవిడ పేరు కూడా రాయాలి.

మీ తాతయ్య