మంచు చరియల హెచ్చరిక: రోడ్ల కోసం పుట్టింది, ట్రెక్కర్ల దాకా రాలేదు

జనవరి పొద్దున ఔటర్ రింగ్ రోడ్డును కమ్మేదీ మంచే, హిమాలయంలో నిలువెత్తు పేరుకునేదీ మంచే. హిమపాతమన్న మాటా అంతే. మంచు కురిసినా, కొండవాలు మీది మంచు తెగి లోయలోకి దూకినా పత్రికలు అదే రాస్తాయి. రెండోదాన్ని ఇక్కడ మంచు చరియ అందాం. సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కో, బ్రహ్మతాల్ ట్రెక్‌కో వెళ్లేవారు ఫోన్‌లో చూసుకునేది మాత్రం మొదటిదాన్నే.

మన దేశంలో మంచు చరియల పరిశోధన సైన్యం అవసరంతో మొదలైంది. 1969లో మనాలిలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద మంచు, మంచు చరియల అధ్యయనానికి 'సాసే' సంస్థ ఏర్పడింది. సరిహద్దు పోస్టులకు సరుకు చేరాలి, కనుమ దారులు తెరిచి ఉండాలి. 1984లో సియాచిన్‌కు దళాలు వెళ్లాక ఆ అవసరం ఇంకా పెరిగింది. 2016 ఫిబ్రవరి 3న అక్కడి సోనమ్ పోస్టును మంచు కప్పేసి పదిమంది సైనికులు చనిపోయారు. వారిలో ఒకరిది కర్నూలు జిల్లా. 2020లో సాసే మరో ప్రయోగశాలతో కలిసి చండీగఢ్ కేంద్రంగా డీజీఆర్‌ఈ అయింది.

ఆ పుట్టుక డీజీఆర్‌ఈ ఇప్పుడిచ్చే హెచ్చరికలో కనిపిస్తుంది. అందులో ఉండేది జిల్లా, ఎత్తు, రాబోయే 24 గంటలు. 2025 ఫిబ్రవరి 27 సాయంత్రం చమోలీతో పాటు ఉత్తరాఖండ్‌లోని మరికొన్ని జిల్లాల్లో 2,400 మీటర్లకు పైన ప్రమాదముందని చెప్పారు. మర్నాడు తెల్లవారుజామున ఆ చమోలీ జిల్లాలోనే మాణా ఊరి దగ్గర రోడ్డు పనివారి శిబిరం మీద మంచు పడి 8 మంది పోయారు. హెచ్చరిక నిజమే అయింది. కానీ ఏ వాలు తెగుతుందో అది చెప్పలేదు. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) ఉపగ్రహ పటాలూ మంచు ఎంత మేర పరుచుకుందో చూపుతాయి, లోపలి పొరల బలాన్ని చూపలేవు.

అసలు సంగతంతా ఆ పొరల్లోనే ఉంది. డిసెంబరులో పలచగా, 50 సెంటీమీటర్ల మంచు పడిందనుకుందాం. అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రి పైపొర మైనస్ 15కు దిగుతుంది. అంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 3 డిగ్రీల తేడా. ఒక డిగ్రీ దాటితేనే అడుగు నుంచి ఆవిరి పైకి లేచి, రేణువులు పలకలు తేలి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. గుప్పిట పట్టినా ముద్ద కట్టవు, పంచదారలా జారిపోతాయి. వారాల పాటు ఆకాశం తేటగా, చలి గట్టిగా ఉన్నకొద్దీ ఈ పొర ముదురుతుంది. జనవరిలో పశ్చిమ అలజడి (పడమటి నుంచి వచ్చి హిమాలయంలో మంచు కురిపించే వాతావరణ వ్యవస్థ) వచ్చి దాని మీద మందంగా కురిసినప్పుడు, గాలి మరింత మంచును తెచ్చి వాలు అవతలి పక్కన పలకలా పేర్చినప్పుడు, అది తెగడానికి ఒక మనిషి బరువు చాలు. ట్రెక్కర్లు, స్కీయర్లు చిక్కుకున్న ప్రమాదాల్లో ఎక్కువ భాగం వాళ్ల అడుగుతోనో, జట్టులోని మరొకరి అడుగుతోనో మొదలైనవే.

అందుకే వాన వెలిసిందని బయల్దేరినట్టు మంచు ఆగిందని బయల్దేరకూడదు. పెద్ద మంచు తర్వాత కనీసం ఒకటి రెండు రోజులు ఆగాలి, అడుగున పంచదార పొర ఉంటే అదీ చాలదు. ఫోన్‌లోని కోణమానితో వాలు కొలవండి. 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులే ఎక్కువగా తెగుతాయి. మీ దారి చదునుగా ఉన్నా పైన అలాంటి వాలుంటే లెక్క అదే. 2023 ఏప్రిల్‌లో సిక్కింలోని నాథూలా రోడ్డు దగ్గర చనిపోయిన ఏడుగురు పర్యాటకులు శిఖరమెక్కినవారు కారు. కాలి కింద 'వుంఫ్' మని మంచు కుంగినా, అడుగు నుంచి పగులు పాకినా వెనక్కి తిరగాల్సిందే. తప్పక దాటాలంటే ఒక్కొక్కరుగా దాటాలి, మిగతావారు సురక్షితమైన చోట నిలబడి చూస్తూ ఉండాలి.

పూడిపోయినవారిని 10 నిమిషాల్లో తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే ఊపిరాడక చాలామంది పోతారు. కింది ఊరి నుంచి సహాయం ఆ లోపు రాదు. ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, చేతులతో తవ్వడం కుదరదు. ప్రతి ఒక్కరి దగ్గరా 457 కిలోహెర్ట్జ్ బీకన్ (పూడినవారి జాడ తెలిపే రేడియో సంకేతాన్ని పంపే, వెతికే పరికరం), మంచులో గుచ్చి వెతికే కనీసం 2.4 మీటర్ల కడ్డీ, లోహపు పార ఉండాలి. సామాను అద్దెకు తీసుకునేటప్పుడు మైక్రోస్పైక్‌లు (బూట్లకు తగిలించే ముళ్లు), గైటర్ల (బూట్లలోకి మంచు పోకుండా కాళ్లకు కట్టే తొడుగులు)తో సరిపెట్టుకోకుండా ఈ మూడింటినీ అడగండి. శిబిరం వదిలేముందు నాయకుడు తన బీకన్‌ను వెతికే స్థితిలో పెట్టుకుని నిలబడాలి. మిగతావారు పంపే స్థితిలో ఒక్కొక్కరుగా అతని ముందు నుంచి నడవాలి. సంకేతం అందనివారి బ్యాటరీ మార్చేదాకా జట్టు కదలకూడదు.