ఎలుగుబంటి ఎందుకు తలకిందులైంది?

చిరంజీవులు మా అపార్టుమెంటు పిల్లలందరికీ,

తాత ఆశీస్సులు. మొన్న సాయంత్రం లిఫ్టు ఆగిపోయి మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు బుజ్జమ్మ దారికి అడ్డం నిలబడింది. "తాతా, మా తలుపు దండకి టెడ్డీని పైన కట్టాం. పొద్దున లేచేసరికి కిందికొచ్చి తలకిందులుగా వేలాడుతోంది. మళ్లీ పైకి తిప్పినా మళ్లీ అంతే. రాత్రి అన్నయ్యే తిప్పేస్తున్నాడు" అంది. వెనకనుంచి అన్నయ్య "ఒట్టు, నేను కాదు" అన్నాడు. నాకున్న ఆయాసంలో అప్పుడు జవాబు చెప్పడం కుదరలేదు. అందుకే ఈ ఉత్తరం. ఈ డిసెంబర్లో మన మెట్ల మీద చాలా తలుపులకు, తీగను చక్రంలా గుండ్రంగా చుట్టిన క్రిస్మస్ దండలు వేలాడుతున్నాయి కాబట్టి మిగతావాళ్లూ చదవండి.

ముందు తీర్పు చెప్పేస్తాను. అన్నయ్య నిర్దోషి. టెడ్డీని కిందికి దించింది మీ తలుపే.

నమ్మకం లేకపోతే సెల్లార్లోకి వెళ్లండి. ఎవరిదైనా సైకిలుకు స్టాండు వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా కాస్త పైకెత్తి పట్టుకోండి. పుల్లల మధ్య ఎర్ర రిఫ్లెక్టరు బిగించిన చక్రమైతే మరీ మంచిది. రిఫ్లెక్టరును నిట్టనిలువుగా పైకి తెచ్చి చెయ్యి వదలండి. కాసేపు ఏమీ ఎరగనట్టు ఆగుతుంది. తర్వాత ఓ పక్కకు ఒరిగి, జర్రున కిందికి దిగి, ఊపు మీద అటు దాటి, మళ్లీ ఇటొచ్చి, చివరికి అడుగున కుదురుకుంటుంది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. బెడ్డంత రిఫ్లెక్టరు చక్రం మొత్తాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకుంటుంది.

నేనీ సంగతి బళ్లో నేర్చుకోలేదు. సికింద్రాబాద్‌లో మా వీధి చివర పంచర్ల దుకాణం ఉండేది. గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు. సీటు మీదికి కాళ్లందని మాలాంటివాళ్లం అడ్డకడ్డీ కిందనుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్లం. డబ్బుల్లేని రోజున ఊరికే దుకాణం ముందు కూర్చునేవాళ్లం. దుకాణం చాచా చక్రానికి బెండు తీస్తుంటే అంతకు మించిన తమాషా ఉండేది కాదు. చక్రాన్ని తిప్పి, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో సుద్దముక్క పట్టుకునేవాడు. ఎక్కడ వంకర ఉంటే అక్కడ రిమ్ము సుద్దకు రాసుకుని తెల్లగా గీత పడేది. అక్కడ సుద్దవైపు పుల్ల వదులు చేసి, అవతలి వైపు పుల్ల బిగించి మళ్లీ తిప్పేవాడు. చక్రం ఆగిన ప్రతిసారీ ట్యూబు వాల్వు కిందికే వస్తోందేమని మాలో ఎవడో అడిగాడు. చాచా తలెత్తకుండానే "వజన్ నీచేచ్ జాతా మియా" అన్నాడు, బరువు కిందికే పోతుందోయ్ అని. ఆ తర్వాత భౌతికశాస్త్రం చాలానే చదివాను కానీ, ఆ మాటకు కలపాల్సింది పెద్దగా ఏమీ కనపడలేదు.

సరే, మీ దండ దగ్గరికి వద్దాం. సైకిల్ చక్రానికి ఇరుసు నడిమధ్యలో ఉంటుంది, మీ దండకు మేకు పై అంచున ఉంది. అయితే ఏం? దుకాణం గోడకు పాత రిమ్ములు మేకుల మీదే వేలాడేవి. వాటిలో ఒకదాన్ని వేలితో తాకితే మేకు మీద జారి కొంచెం తిరిగేది. మీ దండా అంతే. మేకుకూ తీగకూ మధ్య రాపిడి ఉన్నంతసేపు టెడ్డీ పైన బుద్ధిగా కూర్చుంటుంది. నాన్న ఆఫీసునుంచి వచ్చి తలుపు ధడాలున వేస్తాడు, దండ గోరంత జారుతుంది. పాలవాడొస్తే తీస్తారు, ఇంకో గోరంత. ఓసారి పక్కకు ఒరిగాక ఇక దాన్ని ఆపేదెవరు? చక్రం తిరిగినట్టే తిరిగి, టెడ్డీ అడుగున తేలుతుంది. పైన నిటారుగా కట్టారు కాబట్టి కిందికొచ్చేసరికి దాని తల నేలవైపు ఉంటుంది.

లెక్క కావలసినవాళ్లకు చిన్న లెక్క. దండ 200 గ్రాములు, నడిమధ్యనుంచి అంచుకు 15 సెంటీమీటర్లు అనుకోండి. 100 గ్రాముల టెడ్డీని అంచున కడితే మొత్తం బరువుకు ఆటపట్టయిన చోటు (బళ్లో గరిమనాభి అంటారు, బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్క) మధ్యనుంచి టెడ్డీవైపు 5 సెంటీమీటర్లు జరుగుతుంది. 50 గ్రాముల కుందేలుపిల్లను కడితే 3 సెంటీమీటర్లే. అందుకే దండను చూసుకుని బొమ్మను ఎంచుకోవాలి. మూడో అంతస్తువాళ్లు పూచికపుల్లల్లాంటి తీగకు జానెడు ఏనుగును కట్టారు. అది చూడ్డానికి దండకు ఏనుగు తగిలించినట్టు లేదు, ఏనుగుకే దండ వేసినట్టుంది. దానివల్ల నష్టమేం లేదనుకోండి.

మీ దండల్లో నాకు నచ్చింది బుజ్జమ్మ వాళ్లదే. పిట్టగోడ మీద పాకిన తిప్పతీగను పచ్చిగా ఉన్నప్పుడే కోసి, నాలుగైదు చుట్లు చుట్టి, నీడన ఆరబెట్టారట. ఎండాక తీగ సన్నబడి చుట్లు వదులయ్యాయని మళ్లీ బిగించారట, అదీ పద్ధతి. మీద సరుగుడు రెమ్మలు, జనరల్ బజార్‌లో కొన్న ఎర్ర రిబ్బను. టెడ్డీ మాత్రం పాతది. ఒక చెవి ఊడితే వాళ్ల నానమ్మ నల్లదారంతో కుట్టినట్టుంది, కుట్లు చీమలబారులా కనిపిస్తున్నాయి. కొత్త బొమ్మ కొని కట్టే కన్నా ఇది వెయ్యిరెట్లు మేలు. అటక మీద సంచిలో ఊపిరాడక పడి ఉండే బొమ్మకు ఓ నెల రోజులు గుమ్మం దగ్గర కొలువు దొరికింది. మన ఇళ్లలో పండక్కి బొమ్మలకొలువులో పాతవాటినే తుడిచి మెట్ల మీద కూర్చోబెట్టడం లేదూ!

చక్రం మాట ఎత్తానుగా, ఇంకో చక్రం సంగతి కూడా వినండి. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ వికెర్న్ అనే మతబోధకుడు దిక్కులేని పిల్లలకు ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు ఆయన ప్రాణం తోడేసేవారట. ఆయన ఒక బండి చక్రం తెచ్చి, దాని మీద 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్లవి నిలిపాడు. మామూలు రోజున ఎర్రది, ఆదివారం తెల్లది, రోజుకొకటి వెలిగించేవారు. ఎన్ని వెలగాలో చూసుకుంటే పండగ ఎంత దూరమో తెలిసిపోయేది. క్రిస్మస్‌కు ముందు ఆదివారాల్లో ఇప్పటికీ చర్చిల్లో వెలిగించే కొవ్వొత్తుల దండకు మూలం అదే. తలుపుకు వేలాడదీసే దండ వేరు. అయినా పిల్లలు పదేపదే అడిగితే పెద్దవాళ్లకు బుర్ర పనిచేస్తుందనడానికి అది సాక్ష్యం.

టెడ్డీకి కూడా ఓ కథ ఉంది. 1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ అడవుల్లో వేటకెళ్లాడు. ఆయనకు వేట దొరకలేదని వెంట ఉన్నవాళ్లు ఓ ఎలుగుబంటిని పట్టి చెట్టుకు కట్టేసి, కాల్చమన్నారు. కట్టేసినదాన్ని కాల్చడం వేటగాడి మర్యాద కాదని ఆయన కాల్చలేదు. క్లిఫర్డ్ బెర్రీమన్ అనే ఆయన దాని మీద వాషింగ్టన్ పోస్ట్‌లో కార్టూన్ వేశాడు. అది చూసి బ్రూక్లిన్‌లో మిఠాయిల దుకాణం నడిపే మోరిస్ మిచ్‌టమ్ దంపతులు గుడ్డతో ఎలుగుపిల్లను కుట్టి కిటికీలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు దానికి వచ్చింది. ఇంచుమించు అప్పుడే జర్మనీలో స్టైఫ్ కంపెనీ వాళ్లూ కాళ్లూచేతులూ కదిలే ఎలుగుబంటిని తయారుచేశారు.

ఆయన కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడు. మీరేమో దాన్ని కట్టేస్తున్నారు. కాస్త మర్యాదగా కట్టండి మరి. మెడకు తాడు వేయొద్దు, చూసినవాళ్లకు ఉరి గుర్తొస్తుంది. నడుముకు ఒక కట్టు, చంకల కిందనుంచి ఒక కట్టు వేయండి. నడుముకు ఒక్కటే వేస్తే, టెడ్డీలకు బుర్ర పెద్దది కనుక, ముందుకు తూలి గుమ్మంలోకి వచ్చినవాళ్లకు దండం పెడుతున్నట్టుంటుంది. బొమ్మ కూర్చునే చోట వేళ్లతో నొక్కి చూడండి. కొన్నింటికి లోపల ఇసుకలా గరగరమని ప్లాస్టిక్ గింజలు తగులుతాయి. నిలకడగా కూర్చోవడానికి పోసినవవి. అలాంటిదైతే తూలదు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే బైండింగ్ వైరు గట్టిదే కానీ గుడ్డను కోసేస్తుంది. దానికన్నా జడ రిబ్బను నయం.

హాట్ గ్లూ మాత్రం వద్దు. కట్టినదాన్ని విప్పొచ్చు, అంటించినదాన్ని పీకాలి. పీకితే బొచ్చు ఊడొస్తుంది. జనవరిలో మీ చెల్లి తన కుందేలు కావాలని ఏడ్చిననాడు వీపు మీద బట్టతలతో దాన్ని చేతిలో పెడతారా? అన్నట్టు, బొమ్మ ఎవరిదో వాళ్లనడిగే తీశారా? అడగకపోతే ఇప్పుడైనా అడగండి.

మా చిన్నప్పుడు దుకాణం బొమ్మలు మాకు లేవు. అక్క పాత చీరముక్కతో బొమ్మ కుట్టి, లోపల బూరుగు దూది కూరేది. ఎండలు ముదిరాక బూరుగుకాయలు పగిలి దూది గాలిలో లేస్తే వీధంతా పరిగెత్తి పట్టేవాళ్లం. ఆ పోగు లోపల డొల్ల, పైన మైనంలాంటి పూత. నీళ్లను దగ్గరికి రానివ్వదు. ఒకప్పుడు ఓడల్లో మునిగిపోకుండా తొడుక్కునే కోట్లలో నింపింది ఆ జాతి దూదే. ఇప్పటి బొమ్మల్లో ఉండేది పాలిస్టర్ పీచు. మన డిసెంబర్లో వాన భయం తక్కువ కానీ, ఎదురెండ పడే గుమ్మమైతే రంగు వెలుస్తుంది, చూసుకోండి.

ఇక బుజ్జమ్మకు మందు. టెడ్డీ పైనే కావాలంటే దండను నేరుగా మేకుకు తగిలించకు. దండ పైభాగాన రిబ్బనుతో గట్టి ముడి వేసి, ఆ రిబ్బను మేకుకు తగిలించు. ఇక దండ జారే వీలు లేదు, చక్రానికి బ్రేకు పడినట్టే. పక్కకు కట్టాలనిపిస్తే ఎదుటి పక్క అంతే బరువున్న గంటలో, ఇంకో బొమ్మో కట్టు. కారు టైరు మార్చినప్పుడు రిమ్ముకు చిన్న సీసపు ముక్క తగిలించడం చూశావా? అదీ ఇందుకే. నన్నడిగితే అడుగున కాస్త ఎడమకు, గడియారంలో ఏడు గంటల ముల్లు ఉండే చోట కట్టి, బరువును దాని దారిన పోనివ్వడమే హాయి.

భూమి ఎందుకు లాగుతుంది అని తర్వాతి ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఎంత లాగుతుందో న్యూటన్ లెక్కగట్టాడు. ఎందుకో చెప్పమంటే, 1713లో వచ్చిన తన పుస్తకం రెండో ముద్రణలో, ఊహాగానాలు చేయనని రాసి ఊరుకున్నాడు. నేనూ ఊరుకుంటున్నాను.

దానికి బదులు ఒక పని చేయండి. దండకు ఓ చోట దారం ముడేసి మేకుకు వేలాడదీయండి. అదే మేకునుంచి ఇంకో దారం కట్టి చివర ఇనుప నట్టు వేలాడదీయండి. ఊగడం ఆగాక, నట్టు దారం దండను పైనా కిందా ఎక్కడెక్కడ దాటుతుందో చూసి, ఆ రెండు చోట్లకూ మధ్య ఎర్రదారం బిగించి కట్టండి. దండను తిప్పి మరోచోట ముడేసి మళ్లీ అలాగే చేయండి. రెండు ఎర్రదారాలు ఒకచోట ఒకదాన్నొకటి దాటుతాయి. దండ బరువంతటికీ ఆటపట్టు అదే. అక్కడ చెయ్యి పెట్టి చూడండి. తీగ లేదు, ఆకు లేదు, ఉత్త గాలి. ఏమీ లేని చోట బరువు అంతా ఎలా కాపురం పెట్టిందో నాకు ఈ వయసులోనూ వింతే.

టెడ్డీని కట్టకముందు ఒకసారి, కట్టాక ఒకసారి చేసి, ఆ కూడలి ఎటు జరిగిందో నాకు చెప్పండి. నట్లు దొరక్కపోతే నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, సాయంత్రం ఐదు తర్వాత వచ్చి తీసుకెళ్లండి.

ఇట్లు,
నాలుగో అంతస్తు తాత