రైలు చక్రాల స్థితి పరిశీలన: అపోహలు – వాస్తవాలు

ప్రయాణికులు బోగీ అని పిలిచేది, రైలు చక్రాల స్థితిని పరిశీలించే మా పనిలో కోచ్ మాత్రమే. మాకు బోగీ అంటే ఆ కోచ్ కింద రెండు ఇరుసులను, స్ప్రింగులను, ఊపులను అణచే డ్యాంపర్లను ఒకచోట పట్టి ఉంచే చట్రం. ఈ తేడాతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. చక్రం ఆకారంలో వచ్చిన మార్పును మేము ఎక్కువగా ఆ చట్రం కదలికల నుంచే ఊహించాలి కనుక, బోగీ గతిశాస్త్రం తెలియకుండా చక్రం గురించి తీర్పు చెప్పడం సాధ్యం కాదు.

అపోహ: చక్రాన్ని పట్టాల మీద నడిపించేది ఫ్లాంజ్ (చక్రం లోపలి అంచున పొడుచుకొచ్చిన గట్టు).

వాస్తవం: ఫ్లాంజ్ చివరి రక్షణ మాత్రమే. దారి చూపేది ట్రెడ్ (పట్టా మీద దొర్లే చక్రపు ఉపరితలం) వాలు. ఒకే ఇరుసుకు బిగించిన చక్రాల జత ఒక పక్కకు జరిగినప్పుడు ఆ వైపు చక్రం కాస్త పెద్ద వ్యాసం మీద, అవతలిది చిన్న వ్యాసం మీద దొర్లుతాయి. జత మధ్యకు తిరిగి వస్తుంది, మధ్యను దాటి అవతలికీ వెళుతుంది. ఈ పాము నడకకు జర్మన్ ఇంజనీరు క్లింగెల్ 1883లో సూత్రం ఇచ్చాడు. మన 1676 మి.మీ. బ్రాడ్‌గేజ్ మీద, 20కి 1 వాలు గల 915 మి.మీ. వ్యాసం చక్రాల జతకు ఆ సూత్రం ప్రకారం ఒక్కో అల పొడవు సుమారు 18 మీటర్లు వస్తుంది. అరుగుదలతో వాలు 5కి 1కి సమానమైతే అది సగమవుతుంది. అంటే గంటకు 100 కి.మీ. వేగంలో సెకనుకు ఒకటిన్నర ఊపులకు బదులు మూడు ఊపులు. స్ప్రింగులు బిగించిన బోగీలో అంకెలు ఇంత శుభ్రంగా ఉండవు, కానీ మార్పు దిశ ఇదే. బోగీ పక్క ఊపుల నుంచి ట్రెడ్ అరుగుదలను అంచనా వేయగలగడం ఈ సంబంధం వల్లనే.

అపోహ: మిల్లీమీటరు లోతు కూడా లేని ఫ్లాట్ (చక్రం మీద అరిగి చదునైన చోటు) వల్ల నష్టం లేదు, వేగం తగ్గిస్తే చాలు.

వాస్తవం: బ్రేకు పట్టేసి చక్రం జారినప్పుడు ఏర్పడే ఫ్లాట్‌కు భారతీయ రైల్వేలో కోచ్‌లకు 50 మి.మీ., వ్యాగన్లకు 60 మి.మీ. పొడవు హద్దు. 915 మి.మీ. చక్రం మీద 50 మి.మీ. ఫ్లాట్ లోతు కేవలం 0.7 మి.మీ. అయినా గంటకు 72 కి.మీ. వేగంలో అది సెకనుకు ఏడుసార్లు పట్టాను కొడుతుంది, స్ప్రింగుల కిందనున్న బరువంతా ఆ దెబ్బలో పాల్గొంటుంది. పైగా దెబ్బ తీవ్రత వేగంతో సమానంగా పెరగదు. కొత్తగా పడిన, పదునైన అంచులున్న ఫ్లాట్ తక్కువ వేగంలోనే గట్టిగా కొట్టవచ్చు.

అపోహ: కంపనం పెరిగిందంటే చక్రం చెడిందన్నమాట.

వాస్తవం: పట్టా అతుకు, కోచ్‌లోని బరువు, నూనె కారిన డ్యాంపర్, ఏదైనా కారణం కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న అదే వాహనం అదే వేగంలో ఎలా కదలాలో గణిత నమూనాతో లెక్కించి, కొలిచిన కదలికతో పోల్చి, మిగిలిన తేడాను చదవడమే మా పని. చక్రం లోపం ప్రతి 2.87 మీటర్లకు, అంటే చుట్టుకొలతకు ఒకసారి, ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది. పట్టా లోపం అదే కిలోమీటరు దగ్గర ప్రతి రైలుకూ కనిపిస్తుంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది మూడో రకం: పనితీరు తగ్గిన డ్యాంపర్, బాగా అరిగిన ట్రెడ్ రెండూ ఒకేలాంటి పక్క ఊపులను చూపిస్తాయి. అటువంటి చోట వీల్ గేజ్ (చక్రం ఆకారం కొలిచే సాధనం) పెట్టి కొలవకుండా నేను నివేదిక మీద సంతకం చేయను.

అపోహ: ఆకారం సరిచేయడానికి చక్రాన్ని ఎన్నిసార్లు లేత్ (చెక్కే యంత్రం) మీద కోయిస్తే అంత మంచిది.

వాస్తవం: ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్) కోచ్ చక్రం 915 మి.మీ. వ్యాసం దగ్గర మొదలై 845 మి.మీ. దగ్గర పక్కన పెట్టబడుతుంది. ప్రతి కోత ఆ 70 మి.మీ.లోంచే పోతుంది.

అపోహ: నమూనా, సెన్సర్లు ఉంటే చేతి తనిఖీలు అక్కర్లేదు.

వాస్తవం: గతిశాస్త్ర నమూనా చక్రం ఆకారాన్ని చదువుతుంది, లోహం లోపలి పగులును కాదు. జర్మనీలోని ఎషెడె వద్ద 1998 జూన్ 3న 101 మందిని బలిగొన్న ప్రమాదానికి మూలం, చక్రపు ఉక్కు టైరులో (బయటి వలయంలో) లోపలి వైపు మొదలైన అలసట పగులు. అలాంటి పగులును వెతకడానికి ఈనాటికీ అల్ట్రాసోనిక్ (అతిధ్వని తరంగాల) పరీక్షే చేయాలి.