వలస పిల్లలు, రెండు భాషలు: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలైంది. స్కూల్లో వెనకబడుతున్నాడన్నారు. అందుకే ఇంట్లో మన భాష పూర్తిగా మానేశాం." తల్లిదండ్రులు ఈ మాట కాస్త గర్వంగానే చెబుతారు, బిడ్డ కోసం ఏదో వదులుకున్నామన్నట్టు. బిడ్డ పక్కనే కూర్చుని కుర్చీ అంచు గీకుతూ ఉంటాడు. నేను పనిచేసే స్పీచ్ థెరపీ గదిలో ఇది అరిగిపోయిన రికార్డు.

చిన్నప్పుడే దేశం మారిన పిల్లల గురించి అపోహలు డజను తిరుగుతున్నాయి. మిగతా పదకొండూ కలిసి చేసే నష్టం కన్నా ఈ ఒక్కటి చేసేది ఎక్కువ. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగతావాటిలో కొన్ని చకచకా.

అపోహ: ఇంట్లో కూడా కొత్త భాషే మాట్లాడితే త్వరగా వస్తుంది, రెండు భాషలైతే పిల్లలు గందరగోళపడతారు

ఈ భయానికి వందేళ్లు. 1920లలో రెండు భాషల పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టి, మార్కులు తగ్గాయి కాబట్టి తప్పు రెండో భాషదేనని తేల్చేశారు. ఆ ఇళ్ల పేదరికాన్ని గానీ, పరీక్ష పెట్టిన భాష ఆ పిల్లలకు సరిగా రాదన్న సంగతిని గానీ లెక్కలోకి తీసుకోలేదు. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు పదేళ్ల పిల్లలను, కుటుంబ స్థాయి సరిచూసుకుని మరీ పోలిస్తే ఫలితం తిరగబడింది. రెండు భాషల పిల్లలే ముందున్నారు. వాళ్లు రెండు భాషలూ సమానంగా వచ్చినవాళ్లనే ఎంచుకున్నారన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కానీ రెండు భాషలు పిల్లల ఎదుగుదలను దెబ్బతీస్తాయన్న మాట మాత్రం మళ్లీ లేచి నిలబడలేదు. వాట్సాప్‌లో తప్ప.

సరే, భాష మానేసిన ఇంట్లో అసలేం జరుగుతుంది? అమ్మానాన్నలకు కొత్త భాష అంతంతమాత్రమే. రానిది మాట్లాడేటప్పుడు ఎవరి మాటైనా పొట్టిదైపోతుంది. "తిను." "పడుకో." "హోంవర్క్ అయిందా?" ఆజ్ఞలు మిగులుతాయి, కబుర్లు పోతాయి. ఎందుకు వద్దంటున్నారో చెప్పే వాక్యాలు పోతాయి. కథలు, వెక్కిరింతలు, బుజ్జగింపులు పోతాయి. భాష ఎదగడానికి కావలసింది సరిగ్గా ఆ పొడుగాటి మాటలే. ఉన్న భాష ఎదగడం ఆగి, కొత్తది తప్పుల తడకగా, అదీ చెంచాడే అందుతుంది. బడిలో నేర్పేవాళ్లు బడిలో ఉన్నారు. మీ పని అది కాదు.

అసలు దెబ్బ పన్నెండు, పదమూడేళ్లకు తగులుతుంది. ఐదో ఏట ఆగిపోయిన ఇంటి భాషతో ఆ పిల్ల "కడుపు నొప్పి" అనగలదు. "నలుగురిలో నన్ను చూసి నవ్వారు, తల కొట్టేసినట్టయింది" అనలేదు. ఆ మాట చెప్పుకోగలిగిన కొత్త భాషేమో అమ్మకు అంత లోతుగా అర్థం కాదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరికీ మనసు విప్పుకునే భాష లేకుండాపోతుంది. "మా అమ్మాయి ఏదీ చెప్పదు మేడమ్, మొండిది" అంటారు. మొండితనం కాదమ్మా, మాటలు లేవు. వలస కుటుంబాల్లో భాష పోతే పెద్దల పట్టూ పోతుందని భాషా పరిశోధకురాలు లిలీ వాంగ్ ఫిల్‌మోర్ 1991లోనే రాశారు. అమెరికాలోని మయామీ, శాన్ డియెగోలలో 1992లో మొదలుపెట్టి ఐదు వేల మందికి పైగా వలస కుటుంబాల విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించిన పోర్టెస్, రుంబాట్ కూడా ఇదే గొలుసు చూపించారు: పిల్లలు కొత్త సంస్కృతిలోకి దూసుకుపోయి, పెద్దలు వెనకే ఉండిపోయి, మధ్యలో భాష తెగిన చోట తగువులు ఎక్కువ.

మరి ఏం చేయాలి? ముందు లెక్క వేయండి. బిడ్డ రోజుకు 14 గంటలు మేలుకుని ఉంటే వారానికి 98 గంటలు. అందులో సుమారు నాలుగో వంతు, అంటే 25 గంటలు, ఇంటి భాష చెవిన పడకపోతే బిడ్డ ఆ భాషలో తనంతట తాను మాట్లాడటం కష్టమవుతుందని ఈ రంగంలో వాడే మోటు లెక్క. బడికి 35 గంటలు తీసేయండి, స్నేహితులకు, తెరలకు ఇంకొన్ని తీసేయండి. మిగిలేది మీరనుకున్నంత ఉండదు. కాబట్టి సమయాలు కట్టేసుకోవాలి: భోజనం, స్నానం, ప్రయాణం, పడుకునే ముందు. ఈ నాలుగూ ఇంటి భాషలోనే.

అమ్మ ఒక భాష, నాన్న ఒక భాష అనే పద్ధతికి బోలెడు ప్రచారం ఉంది. బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతంలో దాదాపు 1,900 కుటుంబాలను పరిశీలించి అన్నిక్ డి హౌవర్ 2007లో వేసిన లెక్క చూడండి. తల్లీతండ్రీ ఇద్దరూ ఇంట్లో ఇంటి భాషే మాట్లాడిన కుటుంబాల్లో వందకు 97 చోట్ల పిల్లలు ఆ భాష మాట్లాడారు. చెరొక భాష పంచుకున్న ఇళ్లలో 74 చోట్లే. బడి భాష ఎలాగూ బడిలో వస్తుంది. దాన్ని ఇంట్లోకి ప్రత్యేకంగా పిలవక్కర్లేదు.

బిడ్డ కొత్త భాషలో జవాబిస్తే? ఇక్కడే చాలామంది జారిపోతారు. మీరు ఇంటి భాషలో అడుగుతారు, వాడు కొత్త భాషలో చెబుతాడు, విషయం తెలిసింది కదా అని మీరు ముందుకు పోతారు. ఇది రెండేళ్లు సాగితే విని అర్థం చేసుకోవడమే మిగులుతుంది, నోరు తిరగదు. అలాగని తిట్టొద్దు, అర్థం కానట్టు నటించనూ వద్దు. పెద్ద పిల్లలకు ఆ నాటకం చిర్రెత్తిస్తుంది. వాడన్న మాటనే ఇంటి భాషలో తిరిగి అని, దానికో ప్రశ్న తగిలించండి. వాడు కొత్త భాషలో "మ్యాచ్ ఓడిపోయాం" అన్నాడనుకోండి. "అయ్యో, ఓడిపోయారా? చివర్లో ఎవరు తడబడ్డారు?" అనండి. ప్రశ్న "అవును", "కాదు"లతో తేలిపోయేది కాకూడదు.

రోజుకు 15 నిమిషాలు ఇంటి భాషలో చదవడం. లిపి వేరైనా సరే. అక్షరానికో శబ్దం ఉంటుందనీ, ఆ శబ్దాలు కలిస్తే మాట అవుతుందనీ ఒకసారి తెలిశాక, అది రెండో లిపికి కూడా పనికొస్తుంది. బడిలో ఆ రోజు చెప్పిన పాఠాన్ని ఇంటి భాషలో మీకు నేర్పమనండి. పారిభాషిక పదాలు అక్కర్లేదు. "ఆకు ఎండతో ఆహారం తయారు చేసుకుంటుందట" అని తన మాటల్లో చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.

రెండో బిడ్డ ఉన్న ఇళ్లకు ఒక హెచ్చరిక. పెద్దది బడిలో చేరగానే అక్కాతమ్ముళ్ల మధ్య కొత్త భాష దూరుతుంది. ఇంటి భాష పెద్దదానికి బాగా, ఆఖరివాడికి అంతంతగా రావడం దాదాపు ప్రతి ఇంటా కనిపించేదే. ఆఖరివాడికి విడిగా సమయం ఇవ్వాలి.

ఇక నిజంగా భయపడి వచ్చేవాళ్లు, వాళ్లను చూస్తే జాలేస్తుంది. "మా వాడికి అసలే మాటలు ఆలస్యం, ఆటిజం అన్నారు, ఒక్క భాష చాలన్నారు." ఈ సలహా బయట ఎవరో ఇస్తే అనుకోవచ్చు. మా వృత్తిలోవాళ్లే ఇస్తుంటే ఒళ్లు మండుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో జరిగిన పరిశీలనల్లో రెండో భాష వల్ల అదనపు నష్టం కనపడలేదు. ఆ బిడ్డకు అసలే మాట్లాడేవాళ్లు తక్కువ. ఉన్న అమ్మానాన్నల నోరూ కట్టేస్తే ఎలా?

నిజమైన భాషా లోపం, అంటే డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, వందలో సుమారు ఏడుగురు పిల్లల్లో ఉంటుంది. ఒక్క భాష ఉన్న ఇళ్లలోనూ ఉంటుంది. అది ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. కొత్త భాషలో మాత్రమే తడబడితే అది లోపం కాదు, ఇంకా నేర్చుకుంటున్నాడంతే. వచ్చేటప్పుడు ఈ జవాబులు రాసుకుని రండి: మొదటి మాట ఏ వయసులో? రెండేళ్లకు రెండు మాటలు కలిపి అన్నాడా? "బూట్లు తీసి, బ్యాగు లోపల పెట్టు" లాంటి రెండు పనుల మాట ఇంటి భాషలో చెబితే చేస్తాడా? ఆ వయసులో వాడి అన్నో అక్కో ఎలా మాట్లాడేవారు? మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. ఒక్క భాషలో పరీక్ష పెట్టి, ఆ ఒక్క భాష పిల్లల కొలతలతో పోల్చి "లోపం" అని రాసిచ్చిన కాగితం తెస్తే, రెండు భాషల్లోనూ మళ్లీ పరీక్షించమని గట్టిగా అడగండి. ఆ హక్కు మీకుంది.

అపోహ: పిల్లలు స్పాంజిల్లాంటివాళ్లు, ఆరు నెలల్లో పట్టేస్తారు

ఆటస్థలంలో భాష సుమారు రెండేళ్లలో వస్తుంది. పాఠ్యపుస్తకం భాషలో తోటివాళ్లను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఈ రెండు రకాల భాషల మధ్య పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ 1979లో గీసిన గీత ఇప్పటికీ పనికొస్తుంది. గడగడా మాట్లాడుతున్నాడని ఏడాదికే అదనపు సాయం తీసేస్తారు. నాలుగైదు తరగతుల్లో పాఠాలు చిక్కబడగానే మార్కులు పడిపోతాయి. అప్పుడు "బద్ధకం" అన్న ముద్ర. కొత్త భాష ఇంగ్లిష్ అనుకోండి, వాల్యూమ్ అంటే టీవీ చప్పుడని తెలిసిన పిల్లాడు లెక్కల్లో అదే మాటకు ఘనపరిమాణం అన్న అర్థం ఎక్కణ్నుంచి తెచ్చుకుంటాడు? ఈవెన్, ఆడ్, మీన్... అన్నీ ఇలాంటివే. తెలియని మాటను నిఘంటువులో వెతుక్కోవచ్చు, తెలుసనుకున్న మాట దగ్గరే బోల్తా పడతారు. సబ్జెక్టుకో పేజీ పెట్టి, ఇలాంటి రెండర్థాల మాటలు వారానికి ఐదు రాయించండి.

ఎంత చిన్న వయసులో వస్తే అంత మేలన్నదీ సగమే నిజం. ఉచ్చారణకు మేలే. చదువుకు మాత్రం, 1987లో పరిశోధకురాలు వర్జీనియా కాలియర్ చూసినప్పుడు, 8 నుంచి 11 ఏళ్ల మధ్య వచ్చినవాళ్లు అందరికన్నా త్వరగా అందుకున్నారు. సొంత భాషలో చదవడం, రాయడం అప్పటికే వచ్చి ఉండటం వాళ్ల బలం. 12 దాటి వచ్చినవాళ్లకు తెలివి తక్కువేం కాదు, గడువు తక్కువ.

అపోహ: స్కూల్లో నోరు విప్పడం లేదంటే ఏదో జబ్బు

కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా మౌనంగా ఉండటం మామూలే. వింటూ పోగేసుకుంటున్నారు. వేలితో చూపిస్తున్నాడా, చెప్పింది చేస్తున్నాడా, ఇంట్లో వాగుతున్నాడా? అయితే ఆగండి. సొంత భాష తెలిసినవాళ్ల ముందు కూడా, ఇల్లు దాటితే నోరు పెగలకపోతే, అది బడిలో చేరిన మొదటి నెల దాటి కొనసాగితే, అప్పుడు సెలెక్టివ్ మ్యూటిజం, అంటే మాటలు వచ్చినా ఆందోళన వల్ల కొన్ని చోట్ల నోరు పెగలకపోవడం, ఉందేమో చూపించాలి. "మాట్లాడితేనే ఇస్తా" అని మాత్రం బేరం పెట్టకండి, బిగుసుకుపోతారు.

అపోహ: రెండు భాషలు కలిపి మాట్లాడుతున్నాడంటే రెండూ రానట్టే

"నా బుక్స్‌ని టీచర్‌కి ఇచ్చేశాను." ఇందులో మాటలు ఎరువు తెచ్చుకున్నవి, వ్యాకరణమంతా తెలుగే: ని, కి, చివర క్రియ. ఏ ఆరేళ్ల పిల్లాడూ ఆ ప్రత్యయాన్ని తప్పు చోట పెట్టడు. గందరగోళపడ్డవాడు ఇంత పద్ధతిగా కలపలేడు. తర్వాతిది.

అపోహ: పిల్లే మాకు దుబాసీ, తెలివైంది

తెలివైందే. సామాను తెచ్చినవాడితో, లైబ్రరీలో మాట్లాడనివ్వండి, తప్పేం లేదు. ఆస్పత్రి, పోలీసు, కోర్టు, అప్పు కాగితాలు, టీచరుతో సమావేశం, వీటికి వద్దు. రిపోర్టులో ఏముందో తల్లికంటే ముందు పదేళ్ల పిల్ల విని, ఆ మాటను తన నోటితో తల్లికి చెప్పాల్సి రావడం ఊహించండి. సమావేశంలోనైతే తన మీద ఫిర్యాదును తనే తర్జుమా చేయాలి. ఏ పిల్లాడు నిజాయితీగా చేస్తాడు? అమెరికాలో 2016 నాటి ఆరోగ్య నిబంధనలు, అత్యవసరమైతే తప్ప, పిల్లలను దుబాసీలుగా వాడొద్దనే అన్నాయి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే, వెళ్లాక కాదు, "ఫలానా భాష దుబాసీ కావాలి" అని చెప్పి రాయించండి.

అపోహ: ఏదో ఒక సంస్కృతి ఎంచుకోకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు

మనస్తత్వవేత్త జాన్ బెర్రీ బృందం 13 దేశాల్లో వలస యువతను పరిశీలించి 2006లో ప్రచురించినదాంట్లో, రెండిట్లోనూ కాలు పెట్టినవాళ్లే మనసుపరంగా, చదువుపరంగా బాగున్నారు. దేనికీ చెందని స్థితిలో ఉన్నవాళ్లే నలిగిపోయారు. చాలామంది అక్కడికి చేరడానికి కారణం ఇంట్లో "నువ్వు వాళ్లలా అయిపోయావు", బయట "నువ్వు మా వాడివి కాదు" అనిపించుకోవడం. బయటి మాటను మనం ఆపలేం. ఇంట్లో మాట మన చేతిలో ఉంది.

పేరు సంగతీ ఇక్కడే. నోరు తిరగడం లేదని బడివాళ్లు పేరు కత్తిరిస్తే సర్దుకుపోనక్కర్లేదు. పేరును అక్షరాలుగా విడగొట్టి రాసి, ఐదు సెకన్ల రికార్డింగుతో మొదటి రోజే టీచరుకు పంపండి. పొట్టిపేరు కావాలో వద్దో బిడ్డను అడగండి, టీచరును కాదు.

అపోహ: పన్నెండేళ్లు దాటాయి, పోయిన భాష ఇక రాదు

సుమారు పన్నెండు లోపు దేశం మారినవాళ్లకే సొంత భాష పోయే ప్రమాదం ఎక్కువ, అది నిజం. 3 నుంచి 8 ఏళ్ల మధ్య ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లిన కొరియా పిల్లలు పెద్దయ్యాక కొరియన్‌ను గుర్తుపట్టలేకపోయారని 2003లో తేలింది. కానీ వాళ్లకు ఆ భాష పూర్తిగా తెగిపోయింది, మీ ఇంట్లో అలా కాదు కదా. పైగా నెదర్లాండ్స్‌లోని అలాంటి దత్తత పిల్లలే పెద్దయ్యాక కొరియన్ ధ్వనులను తిరిగి నేర్చుకునేటప్పుడు, ఎన్నడూ వినని వాళ్లకన్నా ముందున్నారని 2017లో వచ్చిన ఫలితం. అడుగున ఏదో మిగిలే ఉంటుంది.

మొదలుపెట్టేది వ్యాకరణం పుస్తకంతో కాదు, పని ఉన్న ఫోనుతో. అమ్మమ్మతో కాల్ అంటే "తిన్నావా?" "ఆ." "చదువుతున్నావా?" "ఆ." "అమ్మకివ్వు." రెండు నిమిషాల్లో అయిపోతుంది, అందులో భాషేమీ లేదు. వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు, ప్రతిసారీ ఒక పని పెట్టండి. అమ్మమ్మ ఒక పేజీ చదువుతుంది, తర్వాత ఏమవుతుందో మనవడు ఊహించి చెప్పాలి. లేదా అమ్మమ్మ ఫోన్‌లో సెట్టింగు ఎలా మార్చాలో అమ్మమ్మకు వాడే నేర్పాలి, చూపించడం కుదరదు కాబట్టి మాటల్లోనే. మొదటి వారం సగం మాటలు కొత్త భాషలోనే వస్తాయి. రానివ్వండి. అమ్మమ్మకు అర్థం కాలేదంటే, అది నటన కాదు, వాడు వేరే మాట వెతుక్కోవాల్సిందే.