డెట్రాయిట్ పాత దుకాణాల వేట: అపోహలు - వాస్తవాలు

డెట్రాయిట్ స్థానిక చరిత్ర పత్రాల నడుమ పనిచేసే నాకు తరచుగా ఎదురయ్యే అపోహ ఒకటుంది: తాతగారి ఉత్తరం మీదో, పాత బిల్లు మీదో ఉన్న డోర్ నంబరు ఇప్పటికీ ఆ చోటునే చూపుతుందని. చూపదు. 1921 జనవరి 1 నుంచి నగరంలోని ఇళ్లకు, దుకాణాలకు కొత్త నంబర్లు అమలులోకి వచ్చాయి. అంతకుముందు నాటి నంబరును ఫోనులో వెతికితే, అది మిమ్మల్ని ఎవరిదో ఇంటి ముందు నిలబెడుతుంది, లేదా అసలు అలాంటి నంబరే లేదంటుంది.

ఒక పెద్దాయన తన తాత నడిపిన బేకరీ ఉండిన చోటు ఇదేనని నమ్మి, ఒక ఖాళీ స్థలాన్ని ఫొటో తీసి, ఫ్రేములు కట్టించి, బంధువులందరికీ పంచిన తరువాత మా దగ్గరకు వచ్చారు. చేతిలో ఉన్నది 1914 నాటి బిల్లు. ఆ కాలపు సిటీ డైరెక్టరీలో (నగరంలోని ఇళ్లు, దుకాణాల పేర్లు, చిరునామాలు అచ్చేసిన పుస్తకం) బేకరీకి అటూ ఇటూ ఉన్న అడ్డవీధుల పేర్లు రాసుకొని, 1921 తరువాతి డైరెక్టరీలో అవే వీధుల మధ్య వెతికితే, అదే ఇంటిపేరు కొత్త నంబరుతో కనిపించింది. భవనం ఇంకా ఉంది. అందులో ఇప్పుడు క్షౌరశాల నడుస్తోంది. పాపం, ఆయనకు సంతోషం కన్నా ముందు బంధువులకు ఏమని చెప్పాలన్న దిగులే కలిగింది. కాబట్టి నంబరును వదిలి అడ్డవీధిని పట్టుకోండి. అయితే వీధుల పేర్లూ మారతాయి, పన్నెండో వీధి 1976లో రోజా పార్క్స్ బులవార్డ్ అయింది.

"1967 అల్లర్లలో అంతా తగలబడింది, ఇంకేం దొరుకుతుంది?" అన్న మాట ట్రాయ్, నోవై వంటి శివార్లలో స్థిరపడిన మన తెలుగువారు కూడా ఆఫీసులో విని, నిజమనుకొని తిరిగి చెబుతుంటారు. ఆ జులైలో 43 మంది చనిపోయిన మాట నిజం, పన్నెండో వీధి దుకాణాలు కాలిన మాటా నిజం. కానీ 1950లో 18.5 లక్షలకు చేరిన జనాభా 1960 నాటికే 16.7 లక్షలకు పడిపోయింది. ప్యాకార్డ్ కార్ల కర్మాగారం 1956లోనే మూతపడింది. హేస్టింగ్స్ వీధిలోని నల్లజాతివారి దుకాణాలను మింగింది మంటలు కావు, క్రైస్లర్ ఫ్రీవే. డైరెక్టరీలు మాత్రం డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీ బర్టన్ విభాగంలో భద్రంగా ఉన్నాయి.

హడ్సన్స్ పెద్ద దుకాణం కూడా ఆ అల్లర్లకే బలైందంటారు. డౌన్‌టౌన్‌లో అది 1983 దాకా నడిచింది. సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌ల్యాండ్ మాల్‌ను 1954లో తెరిచి కొనుగోలుదారులను శివార్లకు పిలిచింది ఆ సంస్థే. ఇక వెర్నర్స్ అల్లం సోడా అమెరికా అంతర్యుద్ధకాలమంతా పీపాలో ఊరిందన్న కథ ప్రకటనలకు బాగుంటుంది, రుజువు అడగకపోతే.

వచ్చేముందు ఇంట్లోని పెద్దవారిని ఏ మూలన ట్రామ్ దిగేవారో అడిగి రండి. వుడ్‌వర్డ్ మీద ట్రాములు 1956 ఏప్రిల్ దాకా తిరిగాయి కనుక, అది గుర్తున్నవారు ఇంకా ఉన్నారు.