సంతకం పెట్టినంత మాత్రాన మనిషి తాకట్టు పడడు: పనిలో, ఇంట్లో స్వేచ్ఛ గురించి అపోహలు - వాస్తవాలు

నేను నెల్లూరులో లాయరుగా పని చేస్తున్నాను. కూలి డబ్బులు, ఉద్యోగ బాండ్లు, మొగుడూ పెళ్లాల తగాదాలు, ఇలాంటివే ఎక్కువగా చూస్తాను. వచ్చేవాళ్లు స్వేచ్ఛ అనే మాట ఎప్పుడూ వాడరు. "మానేయొచ్చా మేడం?" అంటారు, "వెళ్లిపోతే ఏమన్నా చేస్తారా?" అంటారు, "మా నాయన ఒప్పుకోకపోతే కేసవుతుందా?" అంటారు. అందరికీ నేను ముందుగా చెప్పేది ఒకటే. మీరు పెట్టిన సంతకం వల్ల మీ మీద డబ్బు బాధ్యత పడొచ్చు, పడకపోవచ్చు, అది లెక్క చూసి తేల్చుకుందాం. మిమ్మల్ని కట్టేసి పని చేయించుకునే హక్కు మాత్రం ఆ సంతకంతో ఎవరికీ రాదు. ఈ రెండింటినీ కలిపేసి బెదిరిస్తారు కాబట్టే ఇంతమంది నలిగిపోతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "అడ్వాన్సు తీసుకున్నాం, అది తీరేదాకా కదలకూడదు."

మన వైపు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇది. రొయ్యల చెరువుల కాపలాకు, ఇటుక బట్టీలకు, బాతులు మేపడానికి పోయేవాళ్లు, కనిగిరి, పామూరు వైపు నుంచి బేల్దారి పనికి ఊళ్లు పట్టుకుని పోయేవాళ్లు, వీళ్లలో చాలామంది ముందుగా కొంత డబ్బు తీసుకునే పనిలో దిగుతారు. అడ్వాన్సు తీసుకోవడం తప్పేమీ కాదు. ఆ డబ్బును అడ్డం పెట్టుకుని మనిషిని కదలనీయకపోవడమే నేరం.

ఒక యానాది జంట విషయం చెబుతాను, వివరాలు వద్దు. చెరువు కట్ట మీద రేకుల షెడ్డులో కాపురం. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, ఆగితే రొయ్యకు గాలి అందదు, కాబట్టి ఇద్దరిలో ఒకరు తెల్లవార్లూ మేలుకుని జనరేటర్ చూసుకోవాలి. అడ్వాన్సు ఎంత తీసుకున్నారని అడిగితే ఆయనకు సరిగ్గా తెలీదు. "బుక్కులో ఉంటదమ్మా" అన్నాడు. ఆ బుక్కు తెప్పించి చూశాను, బడిపిల్లలు రాసుకునే సన్న నోటుబుక్కు. బియ్యం, బిడ్డకు జ్వరమొస్తే మందులు, సంక్రాంతికి ఇచ్చిన డబ్బు, తెగిపోయిన వల, అన్నీ వరసగా అప్పు కింద ఎక్కించి ఉన్నాయి. జీతం జమ చేసిన పేజీ కోసం వెతికాను, ఒక్కటీ లేదు. ఆవిడ పుట్టింట్లో చావుకు పోతామన్నా ఇద్దరినీ కలిపి పంపేవాళ్లు కాదట, ఒకరు ఉండాలట.

దీన్ని చట్టం వెట్టిచాకిరీ అంటుంది. రాజ్యాంగంలోని 23వ అధికరణం దీన్ని నిషేధించింది, అది ప్రభుత్వానికే కాదు, చెరువు యజమానికి కూడా వర్తిస్తుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. అది 1975 అక్టోబరు 25 నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క. దాని ప్రకారం వెట్టి అప్పు రద్దవుతుంది. తగ్గడం కాదు, వాయిదా పడటం కాదు, పూర్తిగా పోతుంది. రద్దయిన అప్పును మళ్లీ వసూలు చేసుకున్నా నేరమే, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. చదువురాని కూలీ కాగితాలు పట్టుకుని నిరూపించాల్సిన పని లేదు.

ఫిర్యాదు కలెక్టరుకు గానీ ఆర్డీవో లేదా సబ్ కలెక్టరుకు గానీ ఇవ్వాలి. విచారించి విముక్తి పత్రం ఇస్తారు. ఆ పత్రం చాలా ముఖ్యం, పోగొట్టుకోవద్దు, పునరావాసం డబ్బు దాని మీదే ఆధారపడి ఉంటుంది. కేంద్రం 2016 పథకం ప్రకారం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు. వెంటనే చేతిఖర్చుకు 30 వేల దాకా ఇవ్వొచ్చు. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్లు యానాదుల కోసం ఏళ్ల తరబడి కష్టపడిన జిల్లా ఇది. ఇక్కడ ఈ చట్టం ఉందని ఇప్పటికీ చెరువు కట్టల దాకా తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అపోహ: "పని మధ్యలో వదిలేస్తే పోలీసులు పట్టుకుపోతారు."

ఈ భయం ఊరికే పుట్టలేదు. బ్రిటిష్ వాళ్లు 1859లో ఒక చట్టం తెచ్చారు, అడ్వాన్సు తీసుకుని పని ఎగ్గొట్టిన కూలీని జైల్లో పెట్టొచ్చని. అది 1920లలోనే రద్దయిపోయింది. చట్టం పోయి వందేళ్లు అవుతున్నా భయం మాత్రం తాతల నుంచి మనవళ్లకు దిగుతూనే ఉంది, మేస్త్రీలు దాన్ని ఇప్పటికీ వాడుకుంటున్నారు. మామూలుగా ఒప్పందం తప్పితే అది సివిల్ వ్యవహారం, నష్టం జరిగిందని అవతలివాళ్లు కోర్టుకు పోయి అడగాలి. ముందు నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే డబ్బు తీసుకుంటే అది వేరే సంగతి.

ఒక్క చోట జాగ్రత్త, ఖాళీ చెక్కు. "ఖాళీ చెక్కు చెల్లదులే" అనుకునేవాళ్లు నా దగ్గరికి ఆలస్యంగా వస్తారు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు మీద కూడా, అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని చూపించుకోవాల్సింది మీరే. చెక్కు బౌన్స్ నోటీసు వస్తే 15 రోజుల గడువు ఉంటుంది, దాన్ని బీరువాలో పడేయకుండా ఎవరైనా లాయరు చేత జవాబు పంపించండి. అసలు ఉద్యోగం ఇస్తూ ఖాళీ చెక్కు అడిగేవాడి దగ్గర చేరొద్దు.

అపోహ: "బాండు రాసిచ్చాను, రెండేళ్లు పూర్తయ్యేదాకా నాకు వేరే దారి లేదు."

నర్సులు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు, సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ తీసుకున్న పిల్లలు, అందరిదీ ఇదే టెన్షన్. ఇక్కడ రెండు తప్పుడు ప్రచారాలున్నాయి. బాండు అంటే బానిసత్వం రాసిచ్చినట్టే అని ఒకటి, బాండు అసలు చెల్లదు చించి పారేయండి అని యూట్యూబ్‌లో చెప్పేది ఇంకొకటి. రెండూ నమ్మొద్దు.

మీ చేత బలవంతంగా ఉద్యోగం చేయించమని ఏ కోర్టూ ఆర్డరు ఇవ్వదు. మనిషి స్వయంగా చేయాల్సిన సేవను బలవంతాన అమలు చేయడం కుదరదని 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సారాంశం. మానేశాక ఇంకెక్కడా పని చేయకూడదని రాయించుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ కింద అది చెల్లదు. కానీ కనీసం ఇన్నేళ్లు పని చేస్తాను, లేదంటే ఇంత కడతాను అన్న షరతు చెల్లొచ్చు. 2025 మేలో ఒక ప్రభుత్వ బ్యాంకు అధికారి కేసులో మూడేళ్లు, 2 లక్షల బాండు సబబేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అలాగని బాండులో రాసిన అంకె మొత్తం ఎప్పుడూ కట్టాల్సిందే అని కూడా కాదు. అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె పై హద్దు మాత్రమే, కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారం. మీ ట్రైనింగ్‌కు వాళ్లకు నిజంగా ఎంత ఖర్చయింది? మామూలు డ్యూటీలు వేయించుకుని దానికి ట్రైనింగ్ అని పేరు పెడితే ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

సర్టిఫికెట్లు పట్టుకోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కావలి దగ్గర నుంచి వచ్చిన ఒక నర్సు డిగ్రీ, ఇంటర్ మార్కుల లిస్టు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం ఒక ఆసుపత్రి తీసి పెట్టుకుంది. ఆ అమ్మాయికి వేరే రాష్ట్రంలో మంచి ఉద్యోగం వచ్చింది, ఒరిజినల్స్ లేక చేరలేకపోయింది. తీసుకున్నట్టు రసీదు కూడా ఇవ్వలేదు, కాబట్టి అసలు మా దగ్గర లేవు అనడానికి వాళ్లకు వీలు దొరికింది. అదృష్టవశాత్తు ఆ అమ్మాయి "నా ఒరిజినల్స్ ఎప్పుడిస్తారు సార్" అని వాట్సాప్‌లో అడిగి ఉంది, అవతలి నుంచి "బాండు అయ్యాక" అని జవాబు ఉంది. ఆ ఒక్క మెసేజే నోటీసుకు ప్రాణం పోసింది, కాగితాలు తిరిగి వచ్చాయి. మీ మార్కుల లిస్టు మీ సొత్తు, చూసుకుని జిరాక్స్ తీసుకుని తిరిగి ఇచ్చేయాలి. పాస్‌పోర్టయితే మీది కూడా కాదు, 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి, ఏ కంపెనీ కూడా దాన్ని తాకట్టు పెట్టుకోలేదు. కాలేజీలైతే ఒరిజినల్స్ ఉంచుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది.

అపోహ: "రాజీనామా ఆమోదిస్తేనే వెళ్లాలి."

ప్రైవేటు ఉద్యోగంలో నోటీసు గడువు పాటించి, ఈమెయిల్ పెట్టి, దాని కాపీ దాచుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఆగిన జీతం గురించి ఇప్పుడు గట్టి నియమం ఉంది: 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగం మానేసిన రెండు పనిదినాల్లో రావాల్సిన వేతనం ఇచ్చేయాలి.

అపోహ: "సొంత పని అయితే ఎవరి మాటా వినక్కర్లేదు."

ఉద్యోగం వదిలి చెరువు లీజుకు తీసుకున్న కుర్రాళ్లను చూస్తుంటాను. మేత అరువు మీద ఇచ్చినవాడికే రొయ్య అమ్మాలి, కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో వాడే చెబుతాడు, రేటూ వాడే చెబుతాడు. కిలోకి 50 తూగాల్సింది 60 తూగిందంటే రేటు పడిపోతుంది, పక్కన ఇంకో కొనుగోలుదారుడు నిలబడి ఉన్నా అతనికి అమ్మలేడు. వీళ్ల కట్టు చట్టంలో లేదు, అరువులో ఉంది. పంట మధ్యలో దాన్ని విప్పడం నా వల్ల కూడా కాదు. మొదట్లోనే మేత బాకీ, దాని వడ్డీ ఒక కాగితం మీద, రొయ్య అమ్మకం ఇంకో కాగితం మీద ఉండేలా పట్టుబట్టండి. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి చేపలు, రొయ్యల రైతులకూ వర్తిస్తుంది, బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరగాల్సి వచ్చినా సరే తిరగండి.

అపోహ: "ఆడపిల్ల పని కోసం వేరే ఊరు వెళ్లాలంటే తండ్రో, భర్తో ఒప్పుకోవాలి."

18 నిండితే అవసరం లేదు. ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెట్టినా, ఆ అమ్మాయి పోలీసుల ముందు "నేను ఇష్టపడే వచ్చాను, నాకు ఉద్యోగం ఉంది" అని చెబితే ఆమెను బలవంతంగా ఇంటికి చేర్చే అధికారం వాళ్లకు లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. మేజరైన అమ్మాయి ఎవరితో, ఎక్కడ బతకాలో ఆమే నిర్ణయించుకుంటుందని 2018లో హదియా కేసులో సుప్రీంకోర్టు ఇంకా సూటిగా చెప్పింది.

పెళ్లయినవాళ్లకు వచ్చే నోటీసు వేరు. భార్య బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటుంటే కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కేసు వేస్తారు. ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, కాబట్టి సెక్షన్ ఇంకా బతికే ఉంది. నా మనసు మాత్రం చౌదరి గారి తీర్పు వైపే. అయినా కాపురానికి వెళ్లమని డిక్రీ (కోర్టు ఆదేశం) వచ్చినంత మాత్రాన పోలీసులు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోరు. పాటించకపోతే ఆస్తి జప్తు దాకా పోవచ్చు, ఏడాది గడిచినా కాపురం కుదరకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. అందుకే నోటీసు వస్తే భయపడి ఉద్యోగం మానేయొద్దు, అలాగని ఊరుకోనూ వద్దు, కోర్టుకు హాజరై మీ కారణాలు చెప్పండి.

ఇంకో మాట, ఇది చట్టం కంటే ముందు చేసుకోవాల్సిన పని. జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు, దాని ఓటీపీ వచ్చే సిమ్ము మీ చేతిలో ఉండాలి. హక్కులన్నీ తెలిసి కూడా బస్సు చార్జీ లేక ఆగిపోయిన ఆడవాళ్లను చూశాను.

అపోహ: "లాయరు ఫీజు పెట్టలేం, మనకెందుకు."

ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, వెట్టి బాధితులకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా లాయరును పెడతారు, ఆదాయం ఎంతని చూడరు. నెల్లూరులో, ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వచ్చేటప్పుడు బాండు కాపీ, అది లేకపోతే సంతకం పెట్టినప్పుడు తీసిన ఫొటో, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజులు డిలీట్ చేయకుండా ఆ ఫోను, అప్పు రాసిన నోటుబుక్కు ఉంటే అదీ తెచ్చుకోండి. నోటుబుక్కు యజమాని దగ్గరే ఉంటే, వీలైనప్పుడు దాని పేజీలన్నీ ఫోనులో ఫొటో తీసుకుని ఉంచండి.