దేవరకొండ ఖిల్లా: పార్కు పంచాయితీ వెనక ఉన్న నీళ్ల కథ

వానలు పడి గుట్ట పచ్చబడిందంటే చాలు, నల్లగొండ జిల్లా దేవరకొండలో పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. ఖిల్లా కింద ఉన్న పార్కును పైదాకా పెంచాలని కొందరంటారు, కోటను కోటగా ఉండనివ్వండని ఇంకొందరంటారు. ఈ తగువు అర్థం కావడానికి, ఈ కోటను ఏలిన వెలమ నాయకులు రేచర్ల పద్మనాయకుల వంశవృక్షం అక్కర్లేదు. అన్న అనపోతానాయకుడు రాచకొండలో, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండలో ఏలారన్నది ఇక్కడ తెలియనివాళ్లు తక్కువ. దాన్ని దాటుకుని నేరుగా 1459కి పోదాం.

బీదర్‌లో అప్పుడు బహమనీ సుల్తాను హుమాయూన్ షా, గద్దెనెక్కిన కొత్త. తెలంగాణలో సికందర్ ఖాన్ తిరగబడితే వెలమ నాయకులు అతనికి అండగా నిలిచారు. తిరుగుబాటు అణిగాక సుల్తాను కసి దేవరకొండ మీదికి మళ్లింది. ఖ్వాజా జహాన్, నిజాముల్ ముల్క్ అనే ఇద్దరు సర్దార్లు వచ్చి కోటను ముట్టడించారు. లోపలున్న కోట ఏలిక లింగమనాయకుడు ఒడిశా గజపతి కపిలేశ్వరుడికి కబురంపాడు. కబురు అక్కడిదాకా పోవాలి, ఏనుగులతో సేన కదలాలి, అంత దూరం నడిచి రావాలి. ఒకటి రెండు రోజుల్లో తెమిలే పనా అది? అన్నాళ్లూ తలుపులు మూసుకున్న కోటలో మనుషులూ గుర్రాలూ ఏం తాగి బతికినట్టు?

గజపతి సేన దగ్గరికొచ్చిందని తెలిసి, ఈ ఇరుకులోంచి మైదానంలోకి పోదామని నిజాముల్ ముల్క్ అన్నాడట. పారిపోయినట్టుంటుందని ఖ్వాజా జహాన్ ఒప్పుకోలేదు. ఒకవైపు నుంచి ఒడిశా సేన, ఇంకోవైపు కోట తలుపులు తీసుకుని లింగమనాయకుడి మనుషులు మీదపడ్డారు. నడుమ బహమనీ సేన నలిగిపోయింది. మరుసటి ఏడాదికల్లా ఓరుగల్లు గజపతుల చేతికి పోయింది. చరిత్ర పుస్తకాలు గెలుపు ఏనుగులకు ఇస్తాయి. ఏనుగులు వచ్చేదాకా కోటను నిలబెట్టింది మాత్రం లోపలి నీళ్లేనని నా లెక్క.

గుట్టలన్నిటినీ కలుపుతూ తిరిగిన ఈ గోడకు 360 బురుజులని స్థానికంగా చెప్తారు. బురుజుల లెక్క అందరి నోటా ఉంటుంది, కోనేళ్లూ దిగుడు బావుల సంగతి అడిగేవాళ్లు తక్కువ. నల్లరాతి గుట్ట మీద పడ్డ వాన ఇంకదు, జారి పల్లానికి వస్తుంది. ఆ పల్లం చూసే తవ్వించారు వాటిని. ఇప్పుడు పోయి చూస్తే కొన్నిటికి పై మెట్లు నాలుగైదు తేలి ఉంటాయి. కింద పూడిక, పూడికలో సర్కారు తుమ్మ, ఒడ్డున సీతాఫలం పొదలు. నీళ్లున్నచోట పచ్చటి పాకుడు, దాని మీద ప్లాస్టిక్ సీసాలు.

ఈ కోనేళ్లు బాగుచేయండి, పచ్చదనం దానంతటదే వస్తుందన్నది పార్కును పైకి ఎక్కనివ్వొద్దనేవాళ్ల వాదన. లాన్ వేస్తే ఎండాకాలమంతా తడపాలి. బోరుకు పోతే, ఈ జిల్లా బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలా? ఫ్లోరైడ్‌తో నల్లగొండ పల్లెల్లో ఎన్ని ఎముకలు వంగాయో అందరూ చూశారు. భూమిలోపలి రాతి నుంచి ఆ విషం నీటిలోకి దిగుతుంది. గుట్ట మీది వాన నీటికి ఆ బాధ లేదు. గుట్ట మీద అన్ని నీటి కుండలు పెట్టుకుని కింద గడ్డికి మోటారు పెట్టడం ఏం తెలివి అని వాళ్లడుగుతారు.

పార్కు కావాలనేవాళ్లదీ తీసిపారేసే మాట కాదు. పొద్దున నడవడానికి, పిల్లలను ఆడించడానికి ఊళ్లో వేరే చోటేదీ అంటారు. కంప కొట్టించాకే జనం ఇటు రావడం మొదలైందనీ అంటారు.

తగువులో చట్టం పేరు కూడా వస్తుంది, చాలాసార్లు తప్పుగా. కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆ పైన 200 మీటర్లు ఆంక్షలు అన్నది 2010లో కేంద్ర చట్టానికి చేసిన సవరణ. అది కేంద్ర రక్షిత కట్టడాలకు. దేవరకొండ కోట రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉంది. తెలంగాణ వచ్చాక చేసిన 2017 వారసత్వ చట్టం చూడాలి. కేంద్ర చట్టం వర్తించదు కదా అని పార్కువాళ్లు ఎగిరి గంతేయాల్సిన పనేం లేదు. రక్షిత కట్టడంలో తవ్వాలన్నా కట్టాలన్నా ఆ శాఖను అడగాల్సిందే.

ఆ మెలిక కోనేళ్లకూ వర్తిస్తుంది. అందులోని పూడిక ఉత్త మట్టి కాదు. కుండ పెంకులు, ఇనుప ముక్కలు, నాణేలు దొరికితే దొరకొచ్చు. జేసీబీ దింపి ట్రాక్టర్లకెత్తితే అన్నీ పోతాయి. పొర పొరగా తీసి, రాసుకుని, ఫొటో తీసుకుని చేయాల్సిన పని. మున్సిపాలిటీ గడ్డి నాటించగలదు గానీ, కోనేట్లో పార వేయాలంటే ముందు పురావస్తు శాఖకు కాగితం పెట్టాలి.